ట్రైలర్ పైకప్పు కడిగించడానికి ఏటా 480 డాలర్లు పెట్టాలా?

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఉంటాము. రెండేళ్ల కిందట 28 అడుగుల ట్రావెల్ ట్రైలర్‌ను (వాహనం వెనక తగిలించి లాక్కెళ్లే ఇల్లులాంటి బండిని) సెకండ్‌హ్యాండ్‌లో 19,000 డాలర్లకు కొన్నాము. దాని పైకప్పు తెల్ల రబ్బరుది. బండిని నిలిపే స్టోరేజీ వారు ఏడాదికి రెండుసార్లు కప్పు కడిగి, ఎండకు పాడవకుండా పూత వేస్తామని, అందుకు ఏటా 480 డాలర్లు కట్టమని అంటున్నారు. వాన కడగనిదా, ఇది దండగ అని మా వారు అంటారు. కొన్నప్పటి నుంచి మేమెవరమూ పైకెక్కి చూడలేదు. నాకు 58 ఏళ్లు, ఆయనకు 61. ఏం చేయమంటారు?

జవాబు: మీ వారి మాటలో సగం నిజం ఉంది, స్టోరేజీ వారి మాటలోనూ సగం ఉంది. కానీ మీ ప్రశ్నలో నన్ను ఆపినది 480 డాలర్ల సంగతి కాదు, రెండేళ్లుగా ఎవరూ పైకెక్కి చూడలేదన్న వాక్యం.

ముందు కడగడం గురించి చెబుతాను. మీ బండి మీద ఉన్నది ఈపీడీఎం అనే రకం కృత్రిమ రబ్బరైతే, ఎండకు దాని పై పొర కొద్దికొద్దిగా సుద్దలా విడుతుంది. చేత్తో రాస్తే ముగ్గుపిండి అంటినట్టు వేళ్లు తెల్లబడతాయి. అది ఆ రబ్బరు స్వభావమే తప్ప జబ్బు కాదు. ఆ సుద్దే వానకు కారి పక్క గోడల మీద తెల్లటి చారలుగా దిగుతుంది. తడి ఆకులు, చెట్ల జిగురు, పిట్టల రెట్టలు పేరుకున్న చోట బూజు పడుతుంది, అది వానకు పోయేది కాదు. కాబట్టి ఏడాదికి ఒకటి రెండుసార్లు కడగడం మంచిదే. అయితే అందుకు గిన్నెలు తోమే సబ్బు కలిపిన నీళ్లు, పొడవాటి కర్రకు బిగించిన మెత్తటి బ్రష్, ఆపైన ధారాళంగా నీళ్లు చాలు. పెట్రోలియం కలిసిన క్లీనర్లు ఈ రబ్బరును ఉబ్బిస్తాయి, ప్రెషర్ వాషర్ అతుకుల అంచులను లేపేస్తుంది. ఇక ఎండ పూత విషయానికొస్తే, ఈపీడీఎం ఎండను తట్టుకోగలదనే కప్పులకు వాడతారు. దానికి ఆరు నెలలకొకసారి పూత వేయించడానికి నేనైతే డబ్బు పెట్టను.

ఆర్వీల, అంటే మీ ట్రైలర్ వంటి ఇల్లులాంటి బండ్ల కప్పులు మురికి వల్ల కాక, నీరు దిగడం వల్లనే ఎక్కువగా పాడవుతాయి. ఆ నీరు కూడా సాధారణంగా రబ్బరు మధ్యలోంచి కాక వెంట్లు, స్కైలైట్, యాంటెనా, ముందు వెనకల అంచులు వంటి అతుకుల దగ్గర దిగుతుంది. అక్కడ నీరు దిగకుండా పూసే జిగురులాంటి ల్యాప్ సీలెంట్ కొన్నేళ్లకు ఎండి, వెంట్రుకవాసి పగుళ్లు విడుస్తుంది. ఆ పగుల్లోంచి దిగిన నీటికి రబ్బరు కింది చెక్క నాని మెత్తబడుతుంది. లోపల సీలింగ్ మీద టీ మరక వంటి మచ్చ కనిపించేసరికి నష్టం చాలా దూరం పోయి ఉంటుంది. మన ఊళ్లలో తొలకరికి ముందే పెంకులు సర్దించేది ఇందుకే కదా. కడగడం వల్ల కలిగే పెద్ద లాభం శుభ్రత కాదు, ఆ పని మీద పైకెక్కిన మనిషి ఆ పగుళ్లను కళ్లతో చూడడం. వాన కప్పును కడిగితే కడగవచ్చు గాని, పగులు ఎక్కడుందో చెప్పదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. సీలెంట్ గొట్టం ఒకటి ఇరవై డాలర్ల లోపే దొరుకుతుంది. కప్పు మొత్తం మార్చాల్సి వస్తే వర్క్‌షాపులు సాధారణంగా బండి పొడవును బట్టి అడుగుకు ఇంతని అడుగుతాయి. అడుగుకు 300 డాలర్లు వేసుకున్నా మీ బండికి 8,400 అవుతుంది, అంటే మీరు కొన్న ధరలో 44 శాతం. కింది చెక్క కుళ్లి ఉంటే దాని ఖర్చు వేరు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

బీమా ఉంది కదా అనుకుంటారేమో. మీ ప్రాంతంలో వడగళ్ల వాన కప్పును చీలిస్తే, పాలసీలో కాంప్రహెన్సివ్ (ఢీకొనడం కాక వడగళ్లు, దొంగతనం వంటి నష్టాలకు వర్తించే భాగం) ఉన్న పక్షంలో డిడక్టిబుల్ (ముందుగా మనమే భరించే మొత్తం) పోను పరిహారం రావచ్చు. కాని సీలెంట్ అరిగి నెమ్మదిగా దిగిన నీటిని, దానివల్ల పుట్టిన కుళ్లును, బూజును అరుగుదల కింద లెక్కగట్టి మినహాయించడం ఈ పాలసీలలో మామూలే. అందుచేత ఏడాదికి రెండుసార్లు కప్పు ఫోటోలు తేదీతో సహా తీసి దాచుకోండి. వడగళ్లకు ముందు కప్పు బాగానే ఉందని చూపడానికి అవి పనికివస్తాయి, రేపు బండి అమ్మేటప్పుడు కొనేవారికి కూడా నమ్మకం కుదురుతుంది.

అలాగని మీరిద్దరూ బ్రష్ పట్టుకుని పైకెక్కండి అనడం లేదు. సబ్బు నీళ్లు పడిన రబ్బరు విపరీతంగా జారుతుంది. పైగా కొన్ని బండ్ల కప్పులు మనిషి నడవడానికి కట్టినవే కావు. అక్కడి నుంచి ఒక్కసారి పడితే వచ్చే ఆసుపత్రి బిల్లు ముందు మీరు మిగుల్చుకున్న 480 ఏ మూలకూ రాదు. ఈ ఖర్చును లెక్కలో వేయకుండా ‘మనమే చేసుకుంటే పైసా ఖర్చు లేదు’ అనేవారిని చూస్తే నాకు భయం.

కాబట్టి ఏటా కట్టే ఆ ప్యాకేజీ వద్దు. పూత లేకుండా, ఒకసారి కడిగి, ప్రతి అతుకునూ పరీక్షించి, పగిలిన చోట సీలెంట్ వేసి, ముందూ తర్వాతా ఫోటోలు ఇవ్వడానికి ఎంత తీసుకుంటారో విడిగా రాసివ్వమని స్టోరేజీ వారిని అడగండి. వారు కాదంటే ఇంటి దగ్గరికే వచ్చి పనిచేసే ఆర్వీ టెక్నీషియన్లు ఉంటారు, వారిని అడగండి. ఈ పని వడగళ్ల కాలం మొదలయ్యే లోపు, అంటే మార్చిలోగా అయిపోవాలి. తర్వాత నుంచి ఏటా ఒకసారి ఇదే చేయించండి. ఆ 480లో మిగిలినది నెలనెలా విడి సేవింగ్స్ ఖాతాలోకి ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టి, దానికి ‘కప్పు’ అని పేరు పెట్టుకోండి. పరీక్షలో చెక్క ఎక్కడైనా మెత్తబడిందని తేలితే మాత్రం రిపేరుకు డబ్బు కట్టే ముందు నాకు మళ్లీ రాయండి. అప్పుడు బాగు చేయించాలా, ఉన్నదున్నట్టు చెప్పి అమ్మేయాలా అన్నది వేరే లెక్క అవుతుంది.