జి, హెచ్, టి మూడూ ఉన్న ఇంగ్లిషు పదాలు: చెవిని పక్కన పెట్టి కంటితో వెతకండి

జి, హెచ్, టి మూడూ ఉన్న ఇంగ్లిషు పదాలన్నీ పట్టుకునే దారి ఉందా అని అడిగారు. నిఘంటువు తిరగేస్తే పని తెమలడం లేదనీ, ఆలోచిస్తే నైట్, లైట్, రైట్ దగ్గరే ఆగిపోతున్నాననీ రాశారు. మీరు ఆగిపోతున్నది పదాలు తెలియక కాదు. ఆ మూడూ ఒకే ప్రాసలో ఉన్నాయి చూడండి, అంటే చెవితో వెతుకుతున్నారు. పలికినట్టే రాసే లిపికి అలవాటుపడిన మనకు అది సహజం. కానీ ఇంగ్లిషులో అక్షరాల వేట కంటితో సాగాలి. టఫ్, లాఫ్టర్, డాటర్ అని పైకి అంటే జి, హెచ్ వాటిలో ఉన్నట్టు ఎక్కడా వినిపించదు. రాసి చూస్తే మూడింటిలోనూ మీరడిగిన అక్షరాలన్నీ ఉన్నాయి.

నిఘంటువు మీద విసుగు పడకండి. అది మొదటి అక్షరం వరుసలో కూర్చినది, మధ్యలోనో చివరలోనో ఉన్న అక్షరం అడిగితే దానికి జవాబు లేదు. ఈ ఇబ్బంది నిఘంటుకారులకూ తప్పలేదు. కంప్యూటర్లు రాకముందు మెరియమ్-వెబ్‌స్టర్ వాళ్లు పదాలను చివరి అక్షరం నుంచి వెనక్కి టైపు చేయించి, ఆ కార్డులను వరుసగా పేర్చి పెట్టుకున్నారు. ఒకే తోక ఉన్న మాటలన్నీ ఒకచోట చేరడానికి అంత శ్రమ పడ్డారు.

వెతకడానికి ముందు ఒకటి తేల్చుకోవాలి. మా అక్క కూతురు బడిలో ఇచ్చిన పని చేస్తూ, ‘జి, హెచ్, టి ఉన్న పదాలు చెప్పు మామయ్యా’ అంది. నేను ఘోస్ట్ అన్నాను. ‘అది చెల్లదు, మూడూ పక్కపక్కనే ఉండాలి’ అంది. అలాగని చెప్పలేదు కదా అంటే, ‘అది అందరికీ తెలిసిందేగా’ అని నన్నే ఎదురు ప్రశ్నించింది. అందరికీ తెలిసిందేమీ కాదు. అక్షరాలు అదే వరుసలో కలిసి ఉండాలా, పదంలో ఎక్కడైనా ఏ వరుసలోనైనా ఉండవచ్చా, ఇచ్చిన అక్షరాలు తప్ప వేరేవి ఉండకూడదా, ఫలానా స్థానంలోనే ఉండాలా? ఈ నాలుగూ నాలుగు వేర్వేరు పనులు, ఒకదాని ఉపాయం ఇంకొకదానికి పనికిరాదు. మీ ప్రశ్నను బట్టి రెండోదే మీకు కావాలనుకుంటున్నాను. నాలుగింటిలోనూ పెద్ద పని అదే.

మూడు అక్షరాలను ఆరు వరుసల్లో పేర్చవచ్చు. కాగితం మీద ఆరు గళ్లు గీసి, ఒక్కో గడిలో ఒక్కో వరుస రాసుకోండి. జి తర్వాత హెచ్, ఆ తర్వాత టి అంటే మీకు తోచిన నైట్, లైట్‌లతో పాటు ఘోస్ట్ కూడా వస్తుంది. జి, టి, హెచ్ అంటే టుగెదర్, గేదర్, గ్రోత్, లెంగ్త్, స్ట్రెంగ్త్. హెచ్, టి, జి అంటే హోస్టేజ్, హెరిటేజ్, షార్టేజ్. టి, హెచ్, జి అంటే థింగ్, సమ్‌థింగ్, థగ్. టి, జి, హెచ్ అంటే ఇందాకటి టఫ్. మిగిలిన హెచ్, జి, టి గడే మొండిది. అక్కడ నాకు ముందుగా తట్టేది హ్యాంగౌట్. గడి ఖాళీగా కనిపిస్తే మనసు ఊరుకోదు, దాన్ని నింపేదాకా గుంజుతూనే ఉంటుంది. ‘ఇంకేమున్నాయి’ అని గాలిలోకి చూడటం కన్నా ఇది ఎంతో నయం.

నేను ఎక్కువగా ఆధారపడే ఉపాయం ఇంకొకటి ఉంది. ఒక అక్షరాన్ని పదం తోకకు అప్పగించేయడం. ఇంగ్లిషు క్రియకు ఐ-ఎన్-జి చేర్చగానే జి ఉచితంగా వచ్చేస్తుంది. ఇక వెతకాల్సింది హెచ్, టి రెండూ ఉన్న క్రియలను మాత్రమే. హేట్, హీట్, హిట్, హంట్, టీచ్, టచ్, వాచ్, ఫెచ్, క్యాచ్, థింక్, థ్రో... ఊపిరి తిప్పుకోకుండా చెప్పవచ్చు. ప్రతిదానికీ తోక తగిలిస్తే అన్ని పదాలు వచ్చినట్టే. ఎ-జి-ఇ తోకా జిని తెస్తుంది, హెరిటేజ్, షార్టేజ్ అలా వచ్చినవే. ఇ-ఎస్-టి తోక టిని తెస్తుంది, అప్పుడు జి, హెచ్ ఉన్న విశేషణాలు చాలు: హై నుంచి హయ్యెస్ట్, రఫ్ నుంచి రఫెస్ట్. మీకు వేరే అక్షరాలు ఎదురైనా ముందు అడగాల్సింది ఇదే: వీటిలో ఏది తోకలో ఇమిడిపోతుంది? ఎస్ ఉంటే బహువచనం ఉండనే ఉంది. అక్షరాల బిళ్లలతో పదాలు కూర్చే స్క్రాబుల్ ఆటను 1930లలో రూపొందించిన ఆల్‌ఫ్రెడ్ బట్స్ ఈ సంగతి బాగా ఎరుగును. ఏ అక్షరం ఎంత తరచుగా వస్తుందో పత్రికలు ముందేసుకుని లెక్కగట్టిన ఆయన, ఎస్ బిళ్లలు మాత్రం 4 మించి పెట్టలేదు. పెడితే బహువచనాలతో ఆట మరీ తేలికైపోతుందని.

తోకలో ఇమడని అక్షరాల్లో అరుదైనదాన్ని ముందు పట్టుకోండి. స్క్రాబుల్‌లోని 100 బిళ్లల్లో టి 6, జి 3, హెచ్ 2 ఉంటాయి. మామూలు రాతలో హెచ్ విరివిగా కనిపించడానికి ద, దట్, హి లాంటి చిన్న మాటలే చాలావరకు కారణం. క్యూ, జడ్, ఎక్స్, జె లాంటివి తగిలితే అది అదృష్టమే, ఎందుకంటే వెతకాల్సిన చోటు ఒక్కసారిగా ఇరుకైపోతుంది. క్యూ పక్కన దాదాపు ఎప్పుడూ యు ఉంటుంది కాబట్టి అక్కడ ఇంకో అక్షరం కూడా తెలిసిపోయినట్టే.

అక్షరాలను అడ్డ వరుసలో రాసుకుంటే కళ్లు వాటిని ఆ వరుసలోనే చదువుతాయి. అందుకే నేను గుండ్రంగా రాస్తాను. కంటి సంగతి అతిగా చెబుతున్నానని మీకనిపిస్తే నైజెల్ రిచర్డ్స్‌ను తలుచుకోండి. న్యూజిలాండ్‌కు చెందిన ఈ స్క్రాబుల్ ఆటగాడు ఫ్రెంచి మాట్లాడటం రాకుండానే 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచారు. 2024లో స్పానిష్‌లోనూ అదే చేశారు. అర్థం, ఉచ్చారణ రెండూ లేకపోయినా అక్షరాల రూపం ఒక్కటే ఎంత దూరం తీసుకుపోతుందో చూడండి.

స్థానాలు కూడా తెలిసిన పక్షంలో కష్టం ఇంకో రకంగా వస్తుంది. దాచిన అయిదక్షరాల పదాన్ని ఆరు ప్రయత్నాల్లో కనిపెట్టే వర్డిల్ ఆట ఆడేవారికి ఈ బాధ తెలుసు. అయిదక్షరాల పదంలో చివర ఐ-జి-హెచ్-టి తేలిపోయాక మొదటి అక్షరం ఒక్కటే కదా అనిపిస్తుంది. కానీ అక్కడ ఇ, ఎఫ్, ఎల్, ఎమ్, ఎన్, ఆర్, ఎస్, టి ఎనిమిదీ సరిపోతాయి. అవన్నీ మామూలు మాటలే. ఒక్కోటీ వేసి చూస్తూ పోతే మొత్తం అవకాశాలే ఆరు కాబట్టి ఓడిపోవచ్చు. అక్కడ ఫిల్మ్స్ అనే పదం వేయండి. అది జవాబు కాదని తెలిసే వేస్తాం. ఎఫ్, ఎల్, ఎమ్, ఎస్ నాలుగింటి సంగతీ ఒకేసారి తేలిపోతుంది. హార్డ్ మోడ్‌లో మాత్రం దొరికిన అక్షరాలను వదలనివ్వరు కాబట్టి ఈ ఎత్తు పారదు.

ఇచ్చిన అక్షరాలనే తిప్పి రాయాలంటే వాటిని ఎ, బి, సి వరుసలో పేర్చండి. లిజన్, సైలెంట్, ఎన్‌లిస్ట్, టిన్సెల్, ఇన్‌లెట్స్ అయిదూ అప్పుడు ఇ-ఐ-ఎల్-ఎన్-ఎస్-టి గానే మిగులుతాయి. ఈ పని చేసే ప్రోగ్రాములు కూడా సాధారణంగా ఇదే పద్ధతి వాడతాయి.

అన్నీ కావాలి, ఒక్కటీ తప్పిపోకూడదు అంటే తల పక్కన పెట్టి కంప్యూటర్‌కు అప్పగించండి. ఒన్‌లుక్ లాంటి ఆన్‌లైన్ నిఘంటువుల్లో ప్రశ్న గుర్తు ఒక్క అక్షరానికి, నక్షత్రం గుర్తు ఎన్ని అక్షరాలకైనా నిలుస్తుంది. స్థానం తెలిసిన పదాలకు ఇది చక్కగా పనిచేస్తుంది. మీ ప్రశ్నకు మాత్రం ఒక్క నమూనా చాలదు. నక్షత్రాల మధ్య జి, హెచ్, టి అని రాస్తే ఆ వరుసలో ఉన్నవే వస్తాయి, సమ్‌థింగ్ రాదు. ఆరు వరుసలకూ ఆరుసార్లు వెతకాలి. నాలుగు అక్షరాలైతే 24, అయిదైతే 120. ఒన్‌లుక్‌లోనైతే ఒక్కో అక్షరాన్నీ నక్షత్రాల మధ్య పెట్టి, మూడింటినీ కామాలతో కలిపి అడిగితే ఈ తిప్పలు తప్పుతాయి.

జల్లెడ మీ చేతిలోనే ఉండాలంటే పదాల జాబితా ఒకటి దింపుకుని ఎక్సెల్‌లో ఒక నిలువు వరుసలో పోయండి. పక్క గడిలో కౌంట్‌ఇఫ్స్ ఫంక్షన్ పెట్టి, అదే పదానికి మూడు షరతులు ఇవ్వండి: నక్షత్రం-జి-నక్షత్రం, నక్షత్రం-హెచ్-నక్షత్రం, నక్షత్రం-టి-నక్షత్రం. మూడూ ఉన్న పదం పక్కన 1 వస్తుంది, లేకపోతే 0. టి రెండుసార్లు రావాలంటే ఆ షరతులో రెండు టీల మధ్య ఇంకో నక్షత్రం పెట్టాలి. టైట్‌కు 1 వస్తుంది, లైట్‌కు రాదు. లైనక్స్, మ్యాక్ వాడేవారికి ఇంకా తేలిక. కెన్ థాంప్సన్ యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కోసం రాసిన, ఫైళ్లలో వెతికిపెట్టే గ్రెప్ అనే ఆదేశంతో ముందు జి ఉన్న పదాలు తీసి, వాటిని మళ్లీ గ్రెప్‌కు ఇచ్చి హెచ్ ఉన్నవి, వాటిలోంచి టి ఉన్నవి జల్లెడ పట్టవచ్చు.

జాబితా ఎంపికలో జాగ్రత్త. మ్యాక్‌లో ముందే ఉండే పదాల ఫైలు 1934 నాటి వెబ్‌స్టర్ నిఘంటువు నుంచి తీసినది. దాదాపు 2.35 లక్షల పదాలున్నా ఎవరూ వాడని పాత మాటలు అందులో కుప్పలు, పైగా చాలా బహువచనాలు ఉండవు. పదాల ఆటలకైతే బహువచనాలు, క్రియారూపాలు కూడా ఉన్న ఎనేబుల్ జాబితా మేలు. 1.7 లక్షలకు పైగా పదాలుంటాయి, ఉచితం. స్క్రాబుల్ పోటీల్లో వాడే కాలిన్స్ జాబితా ఇంకా పెద్దది, సుమారు 2.8 లక్షలు. బడిపిల్లల పనికి మాత్రం ఇవేవీ వద్దు. ఆరు గళ్ల కాగితం చాలు.