ఆ జైలు గదిలో నీ మనిషి ఎవరు?

తమ్ముడూ,

నీ మెయిల్ నిన్న రాత్రి చదివా. నవల ఆపేస్తున్నా అన్నావు, ఎవరో ఫ్రెండ్ చదివి ఇది మాంటిక్రిస్టో కథే కదరా, పేర్లు మార్చావు అంతే అన్నాడని. పదిహేడు చాప్టర్లు రాసిన తర్వాత ఆ మాట వింటే కడుపులో ఎలా ఉంటుందో నాకు తెలుసు. కానీ ఫైల్ డిలీట్ చేసేముందు ఇది ఒక్కసారి చదువు, కొంచెం పెద్దదే అవుతుంది.

మీ ఫ్రెండ్ అబద్ధం చెప్పలేదు. పెళ్ళి కుదిరిన కుర్రాడు, వాణ్ణి చూసి కళ్ళలో నిప్పులు పోసుకున్న వాళ్ళు, తప్పుడు కేసు, జైల్లో దొరికిన పెద్దాయన, బయటికొచ్చి పగ తీర్చుకోవడం, ఇవన్నీ ఫ్రెంచ్ రచయిత అలెగ్జాండర్ డ్యూమా 'ది కౌంట్ ఆఫ్ మాంటిక్రిస్టో' నవలలో రాసినవే. అయితే ఇదే అచ్చుని తీసుకుని హాంకాంగ్‌లో జిన్ యోంగ్ అని ఒకాయన చైనీస్‌లో నవల రాశాడు. అయినా 1992లో ఫ్రాన్స్ ప్రభుత్వమే ఆయనకి లీజియన్ ఆఫ్ ఆనర్ అనే పురస్కారం ఇచ్చింది. డ్యూమా అంటే తనకి ప్రాణమని ఆయనే చెప్పుకున్నాడు, ఏమీ దాచలేదు.

ఆయన రాసేవాటిని వూషియా అంటారు. కత్తులు, గురుశిష్యులు, రహస్య విద్యల పుస్తకాలు, తరాల పగలు, రాజు చట్టం చేరని వీరుల లోకం ఒకటి (దాన్నే జియాంగ్‌హు అంటారు, మాటకి మాట నదులూ సరస్సులూ అని). మన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్ కోసం నెలంతా ఎదురుచూసిన వాళ్ళకి ఈ లోకంలోకి దిగడం పెద్ద కష్టం కాదు.

1963లో ఆయన రాసింది లియన్‌చెంగ్ జుయె, ఇంగ్లీషులో ఎ డెడ్లీ సీక్రెట్ అంటారు. హీరో ది యున్ అనే పల్లెటూరి కుర్రాడు, గురువు దగ్గర కత్తి విద్య నేర్చుకుంటూ ఆ గురువు కూతురు చీ ఫాంగ్‌తో కలిసి పెరిగాడు, ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. గురువు గారి తోటి శిష్యుడొకడి పుట్టినరోజు ఉందని ముగ్గురూ జింగ్‌జౌ అనే టౌన్‌కి వెళ్తారు. ఆ ఇంటి అబ్బాయి వాన్ గుయ్ కన్ను చీ ఫాంగ్ మీద పడుతుంది. ఇంకేముంది, దొంగతనం ఒకటి, ఆడమనిషి మీద అఘాయిత్యం ఒకటి, రెండూ ది యున్ నెత్తిన రుద్ది, కుడిచేతి వేళ్ళు నరికి, భుజం ఎముకల్లోంచి ఇనప గొలుసు దూర్చి జైల్లో పడేస్తారు. 1815లో డ్యూమా హీరో ఎడ్మండ్ డాంటెస్‌ని నిశ్చితార్థం విందులోంచి లేపుకెళ్ళి మార్సెయ్ ఎదురుగా సముద్రంలో ఉన్న షాతో దిఫ్ కోటలో 14 ఏళ్ళు పూడ్చిపెట్టారే, సరిగ్గా అలాగే.

ఇంకా దగ్గరికి రా. రెండు కథల్లోనూ కుర్రాడు ఇక చచ్చిపోదాం అనుకున్న చోటే గురువు దొరుకుతాడు. డాంటెస్ తిండి మానేసి ప్రాణం పోయే స్థితిలో ఉండగా గోడ అవతల ఎవరో గీకుతున్న చప్పుడు వింటాడు, అది సొరంగం తవ్వుతున్న ముసలి ఫాదర్ ఫారియా. ఇక్కడ ది యున్, చీ ఫాంగ్‌కి ఆ వాన్ గుయ్‌తోనే పెళ్ళని తెలిసి ఉరేసుకుంటాడు, అప్పటిదాకా వీణ్ణి తన మీదకి ఎవరో పంపిన గూఢచారి అనుకుని చితక్కొట్టిన తోటి ఖైదీ డింగ్ డియాన్ వాణ్ణి బతికిస్తాడు. ఆ తర్వాత ఇద్దరు గురువులూ కుర్రాడి కథంతా విని, పిచ్చివాడా నిన్ను ఇరికించింది ఫలానా వాళ్ళు అని విడమర్చి చెప్తారు. ఇద్దరి దగ్గరా నిధి రహస్యం ఉంది, ఇద్దరూ తమకొచ్చిన విద్యంతా కుర్రాడికి నేర్పుతారు, ఫారియా భాషలూ లెక్కలూ చరిత్రా నేర్పితే డింగ్ డియాన్ ఒంట్లో శక్తిని నడిపించే సాధన నేర్పుతాడు.

ఇంతవరకూ చెప్తే మీ ఫ్రెండ్ ఇదీ కాపీయే అంటాడు. ఇప్పుడు ఇంకోటి విను. డింగ్ డియాన్‌కి ఉన్న శక్తికి ఆ జైలు గోడలు ఒక లెక్క కాదు, కావాలంటే బయటికి పోగలడు. పోడు. ఎందుకంటే ఆ గది కిటికీలోంచి దూరంగా ఒక మేడ కనపడుతుంది, ఆ మేడ కిటికీలో ఒక అమ్మాయి పూలకుండీలు పెడుతుంది, ఆ పూలు చూసుకోడానికి అక్కడే ఉండిపోయాడు. ఆ అమ్మాయి తండ్రే నిధి రహస్యం కోసం ఇతన్ని జైల్లో పెట్టించి కొట్టిస్తున్న జిల్లా అధికారి. ఫారియా రాత్రింబవళ్ళు గోడ తవ్వాడు, డింగ్ డియాన్ గోడ దాటగలిగీ దాటలేదు. జైలు అదే, కానీ అందులో కూర్చున్న మనిషి వేరు. నేను ఈ పేజీ దగ్గర పుస్తకం మూసి చాలాసేపు ఊరికే కూర్చుండిపోయా.

తర్వాత కూడా అంతే. డాంటెస్ నిధితో కౌంట్ అయి శత్రువుల్ని ఒక్కొక్కణ్ణీ తాపీగా నాశనం చేస్తాడు, మధ్యలో ఒక పసిపిల్లాడు కూడా చచ్చిపోతే అప్పుడు తన మీద తనకే అనుమానం వస్తుంది. ఇక్కడ నిధికి విషం పూసి ఉంటుంది, దాని మీద ఎగబడ్డవాళ్ళంతా పిచ్చెక్కి కొట్టుకు చస్తారు, ది యున్ దాన్ని ముట్టుకోడు. చీ ఫాంగ్ మనసాగక చివర్లో మొగుణ్ణి కాపాడ్డానికి వెళ్తే వాడే ఆమెని పొడిచేస్తాడు. ఆమె కూతుర్ని ఎత్తుకుని ది యున్ మంచు లోయకి వెళ్ళిపోతాడు. ఆ పాప ముద్దుపేరు ఏంటో తెలుసా, తూటికూర. కాడలో గుజ్జు లేకుండా బోలుగా ఉంటుంది కదా, ది యున్‌కి కూడా లోపల ఏ కపటమూ లేదని చిన్నప్పుడు చీ ఫాంగ్ వాణ్ణి అలా పిలిచేది. వాణ్ణి మర్చిపోలేదని ఆమె ఎక్కడా ఒక్క డైలాగ్ కొట్టక్కర్లేదు, కూతుర్ని పిలిస్తే చాలు. ప్రేమ గురించి నువ్వు తొమ్మిదో చాప్టర్‌లో రెండు పేజీలు రాశావు చూడు, అక్కడ ఇలాంటి ఒక్క పిలుపు కావాలి.

ఇదంతా ఆయనకి ఎక్కడ దొరికింది అంటే ఇంట్లోనే. చైనాలోని జెజియాంగ్‌లో జిన్ యోంగ్ పుట్టి పెరిగిన ఇంట్లో హషెంగ్ అని ఒక ముసలి పనివాడు ఉండేవాడు, గూనివాడు, వానా మంచూ పడ్డ రోజు ఈ పిల్లాణ్ణి స్కూలుకి ఎత్తుకుని తీసుకెళ్ళేవాడు. ఒకసారి జబ్బు పడి ఏడుస్తూ తన కథ చెప్పాడట. పెళ్ళి కుదిరి ఉంది. పండక్కి బియ్యప్పిండి విసరడానికని ఒక డబ్బున్నవాళ్ళింటికి పనికెళ్తే, ఒక రాత్రి దొంగ దొంగ అని అరుపులు, చూద్దామని తోటలోకి పరిగెత్తితే ఇతన్నే దొంగని చేసి విరగ్గొట్టారు, గూని అలా వచ్చిందే. జైలుకెళ్ళి వచ్చేసరికి అమ్మానాన్నా లేరు, చేసుకోవాల్సిన అమ్మాయి ఆ ఇంటి అబ్బాయికి రెండో పెళ్ళాం అయింది. రోడ్డు మీద కనపడితే వాణ్ణి పొడిచి మళ్ళీ జైలుకెళ్ళాడు. అప్పుడు అక్కడికి మేజిస్ట్రేట్‌గా వచ్చిన జిన్ యోంగ్ తాతగారు విషయం తెలుసుకుని, ఉద్యోగం వదిలి వెళ్ళేటప్పుడు ఇతన్ని తనతో ఇంటికి తెచ్చుకున్నాడు. నవల చివరిమాటలో జిన్ యోంగే ఇదంతా రాశాడు, ఈ మనిషిని తల్చుకుంటూనే ఆ నవల రాశానని.

అసలు డ్యూమా మాత్రం గాల్లోంచి తెచ్చాడా? కథ అచ్చు పారిస్ పోలీసు రికార్డుల్లో పనిచేసిన పెషే అనే ఆయన పుస్తకంలో దొరికింది. కానీ డ్యూమా నాన్న ఒక జనరల్, బానిసగా ఉన్న తల్లికి పుట్టి పైకొచ్చినవాడు, 1799లో ఈజిప్ట్ నుంచి తిరిగొస్తుంటే ఇటలీలో పట్టుకుని సుమారు రెండేళ్ళు జైల్లో పెట్టారు, ఆరోగ్యం పాడైపోయి ఇంటికొచ్చాడు, నెపోలియన్ పట్టించుకోలేదు, 1806లో చనిపోయాడు, అప్పటికి పిల్లాడికి నాలుగేళ్ళు కూడా నిండలేదు. నా మట్టుకు నాకు ఆ షాతో దిఫ్ గదిలో ఉన్నది ఆ నాన్నే అనిపిస్తుంది. అచ్చు అక్కడా ఇక్కడా తిరుగుతూనే ఉంటుంది తమ్ముడూ, లోపల పోసిన లోహం మాత్రం ఎవరింటిది వాళ్ళదే.

నువ్వు అడిగిన ఇంకో సంగతి, సీరియల్‌లా రాయడం గురించి. డ్యూమా 1844 ఆగస్టు నుంచి 1846 జనవరి దాకా ఈ నవల పేపర్లో సీరియల్‌గానే ఇచ్చాడు, జిన్ యోంగ్ అయితే 1959లో తనే మింగ్ పావ్ అనే పేపర్ పెట్టి అందులో రోజూ ఒక ముక్క రాసేవాడు. ప్రతి ముక్కా ఏదో ఒక తలుపు దగ్గర ఆగాలి. అయితే 1970 నుంచి 1980 దాకా పదేళ్ళు కూర్చుని తన నవలలన్నీ మొత్తం దిద్దుకున్నాడు, ఇది ఎవరూ చెప్పరు. కాబట్టి పదిహేడు చాప్టర్లు అయ్యాక నిరాశపడొద్దు, నీ అసలు పని ఇంకా మొదలవలేదు.

నీ నవల మళ్ళీ మొత్తం చూశా. జైలు ఉంది, పగ ఉంది, డబ్బుంది, హీరో తిరిగొచ్చి అందర్నీ వణికిస్తాడు, చదివిస్తావు కూడా. కానీ పోయిన సంక్రాంతికి ఫోన్‌లో నువ్వు చెప్పిన మనిషి ఎక్కడా లేడు. మీ ఊళ్ళో బోరు మోటారు దొంగిలించాడని కేసు పెడితే చెయ్యని తప్పుకి జైల్లో ఉండి వచ్చినాయన, మీ నానమ్మ పిలిచి అన్నం పెట్టేదని చెప్పావే, ఆయన. నేను పుస్తకాల పేర్లు అడుగుతుంటే నువ్వు మధ్యలో ఆయన గురించి చెప్పావు, అప్పుడు నీ గొంతు మారిపోయింది. ఫారియాని తీసేసి ఆ గదిలో ఆయన్ని కూర్చోబెట్టి ఒక్క చాప్టర్ రాసి పంపు, మిగతా పదహారూ తర్వాత చూద్దాం.

జైలు నుంచి వచ్చాక ఆయన రాత్రిపూట ఇంటి తలుపు వేసుకునేవాడు కాదన్నావు కదా. చలికాలం కూడానా?

నీ అన్న