పెట్టె తెరవమని అడిగేముందు

కడప

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

యూనివర్సిటీలో నీకు ప్రాజెక్టు ఫెలోగా పని దొరికిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఊళ్లు తిరిగి పాత కాగితాలు, తాళపత్రాలు, శాసనాలు వెతకడమట కదా. "ఎండలో బండేసుకుని తిరగడమేనంట" అని ఆమె టెన్షన్ ఆమెది. నేనూ బడిలో తెలుగు పాఠాలు చెప్పుకుంటూ, సెలవులన్నీ ఇదే పని మీద తిరిగినవాణ్ణి. అందుకే నాలుగు ముక్కలు రాస్తున్నా.

ముందు గుప్తనిధుల సంగతి. నవ్వొద్దు. మన వైపు శాసనం ఎక్కడుందని అడిగే కొత్త మనిషిని చూస్తే, రాత్రిళ్లు గుళ్లు తవ్వేవాళ్లే గుర్తొస్తారు జనానికి. ఒకసారి తెల్లారకముందే పాడుబడ్డ గుడి దగ్గర బ్రష్షు, తడి కాగితం, మసి పెట్టుకుని శాసనానికి అచ్చు తీస్తున్నా. పదిమంది చుట్టుముట్టారు. వాళ్లలో ఒకడు నా దగ్గర చదువుకున్న పిల్లోడు. "మా అయివారు" అని వాడు అనబట్టి బతికిపోయినా. యూనివర్సిటీ లెటరు జేబులో పెట్టుకుని ముందు సర్పంచిని, బడి టీచర్ని, పూజారిని కలువు. మొదటి రోజు శాసనం మీద చెయ్యి వేయొద్దు. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటైతే అనుమతి కాగితం రాకుండా ఎన్నో రోజైనా వేయొద్దు.

తర్వాత పెట్టెలు. 1984లో కరణాల వ్యవస్థ పోయింది గానీ, వాళ్ల ఇళ్లలో అటకల మీద పాత కాగితాలు, తాళపత్రాలు దాచిన పెట్టెలు కొన్ని అట్లే ఉన్నాయి. ఒక ఇంటికి పోతే ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఏం నాయనా, నువ్వూ చదివి తెచ్చిస్తావా?" అంది. అంతకు ఇరవై ఏళ్ల ముందు ఎవరో వచ్చి రెండు కట్టల తాళపత్రాలు తీసుకుపోయారట. ఏ సంస్థ తరఫునో ఇప్పుడెందుకులే. పుస్తకం అచ్చయిందని ఎవరో చెప్పగా ఆమె విన్నది. కట్టలు తిరిగి రాలేదు, ఆ పుస్తకమూ ఆ ఇంటి గడప తొక్కలేదు. నాకు ఆ పెట్టె తెరవలేదు. సంగతి పాకి, అదే వీధిలో ఇంకో మూడిళ్లవాళ్లూ తెరవలేదు. ఎవరో చేసిన పనికి నేను నాలుగు పెట్టెలు పోగొట్టుకున్నా.

కాబట్టి కట్టలు ఇల్లు దాటనివ్వకు. వసారాలో పగటి వెలుతురుకు ఫొటోలు తీసుకో, ఫ్లాష్ వద్దు. ఎంగిలి వేలితో ఆకు తిప్పే అలవాటు మానుకో. "తీసుకుపో నాయనా, మాకెందుకు" అని వాళ్లే బలవంతపెడితే, ఎన్ని కట్టలు, కట్టకు ఎన్ని ఆకులు, ఎప్పటికి తిరిగిస్తావు అన్నీ తెలుగులో రాసి, సంతకం పెట్టి రసీదు ఇవ్వు. ఇచ్చేటప్పుడు నువ్వే పో. కొరియర్ చేసినావంటే నాకు కోపం వస్తుంది.

పల్లెలకు పోకముందు ఒక నెల ఇక్కడే కడపలో, ఎర్రముక్కపల్లెలో కూర్చో. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ దొర, అదే తెలుగు నిఘంటువు చేసిన సి.పి. బ్రౌన్, సొంత డబ్బుతో బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి తాళపత్రాలకు నకళ్లు రాయించింది అక్కడే. ఆ బంగళా కూలిన చోటే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి గ్రంథాలయం లేపారు. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద భాషా పరిశోధన కేంద్రం. కుంఫిణీ సర్వేయరు మెకంజీ దొర మనుషులు రెండు వందల ఏళ్ల కిందట కరణాలను అడిగి రాసుకున్న కైఫియత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, అక్కడ చదువు. నువ్వు పోయే ఊరి కైఫియత్తు ఉంటే జిరాక్స్ తీసుకుపోయి, రచ్చబండ దగ్గర చదివి వినిపించు. "అదంతా తప్పు, ఆ గుడి కట్టించింది వాళ్లు కాదు" అని ఎవరో ఒకరు లేస్తారు. పెన్ను తియ్యి. ఇంకొకటి, కైఫియత్తు చాలావరకు కరణం చెప్పిన ఊరు. మాలపల్లె, మాదిగపల్లె, ఆడవాళ్లు అందులో వెతికినా దొరకరు. అక్కడికి నువ్వే నడిచి పోవాలి. సంగటి, ఊరిబిండి పెడితే తిను, మొహమాటపడొద్దు.

పోరుమామిళ్ల చెరువు శాసనం సంగతి చెప్పకుండా ఉండలేను. 1369 నాటిది. విజయనగరం రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించి అనంతరాజసాగరం అని పేరు పెట్టాడు. రోజూ వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని అని రాతి మీదే ఉంది. మంచి చెరువుకు ఉండాల్సినవి పన్నెండు, ఉండకూడని దోషాలు ఆరు అని కూడా చెప్పారు. అంతా సంస్కృతం. ఇంకో ఊరి చెరువు కట్ట మీద రైతులకు ఆ దోషాలు తెలుగులో చెప్పినా: కట్ట కారడం, చవుడు నేల, చెరువు నడుమ మిట్ట, నీళ్లు తక్కువై పారాల్సిన నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీళ్లు ఎక్కువ కావడం, రెండు రాజ్యాల హద్దులో ఉండటం. చివరిది వినగానే ఒక రైతు, "రెండు రాజ్యాలు దేనికి సామీ, రెండు ఊర్లు చాలవా?" అన్నాడు. అందరూ ఒకటే నవ్వు. ఆ తర్వాత తూము ఎప్పుడు పూడింది, వాగు ఎవరు మళ్లించారు, పాతకాలంలో నీళ్లు వంతులేసి ఎట్లా పంచేవాళ్లు, చీకటి పడేదాకా చెప్తానే ఉన్నారు. నా నోటుబుక్కు అయిపోతే అంగడతను లెక్కల కాగితాలు చించిచ్చాడు. మీవాళ్లు ఇచ్చే ప్రొఫార్మాలో వీటికి గడులు ఉండవు. దాన్ని రాత్రి రూములో నింపుకో.

సెమినార్ పెడితే ఆ ఊరి నుంచి ఇద్దరినైనా పిలిపించి, బస్సు చార్జీలు ఇప్పించు. ఫెలోషిప్ డబ్బులు నెలలు ఆలస్యంగా పడతాయి, పెట్రోలు లెక్క రాసిపెట్టుకో. చెనక్కాయ పీకే రోజుల్లో ఎవరి ఇంటికీ పోవద్దు, మనుషులు దొరకరు, దొరికినా తిడతారు.

మొదటి ఊరు ఖాయం కాగానే ఫోన్ చెయ్. మైదుకూరు వైపైతే నేనూ వస్తా. అక్కడొక ఇంటివాళ్లకు వాళ్ల తాత రాసిన లెక్కల పుస్తకం జిరాక్స్ తెచ్చిస్తానని మాటిచ్చినా. పన్నెండేళ్లయింది. నా బీరువాలోనే ఉంది.

ఇట్లు
మీ మామ