ఒక్క ఫోనుతో తరగతి మొత్తానికీ క్విజ్

పిల్లలకు ట్యాబులు లేని కోనసీమ బడిలో, టీచరు ఫోను ఒక్కటే ఉంటే వెబ్ క్విజ్ పెట్టగలమా?

నిక్షేపంగా పెట్టొచ్చు. ప్లికర్స్ అనే క్విజ్ సైటులో ఉచితంగా దొరికే 40 కార్డులను తెల్లకాగితంపై ప్రింటు తీసి, అట్టకు అంటించండి. వానాకాలం చెమ్మకు వట్టి కాగితం వంకరపోతుంది. నంబరువారీగా పిల్లలకు పంచండి. కార్డు మధ్యలో నల్ల గుర్తు, దాని నాలుగు అంచుల్లో ఎ, బి, సి, డి ఉంటాయి. జవాబు అక్షరం పైకి వచ్చేలా పట్టుకుంటే టీచరు ఫోనులోని ప్లికర్స్ యాప్ కెమెరాతో చదివేస్తుంది. ఎవరి జవాబేమిటో పక్కవాళ్లకు తెలియదు కాబట్టి బిడియపడే పిల్లలూ కార్డు ఎత్తుతారు. దీని అసలు విలువ అదే.

మెరిసే లామినేషన్ మాత్రం వద్దు, కిటికీ వెలుగు పడితే కెమెరా చదవలేదు. నల్ల గుర్తుపై వేళ్లు పడినా అంతే.

మొదటి ప్రశ్న సులువుగా ఉండాలి: ధవళేశ్వరం దిగువన గోదావరి ప్రధానంగా ఎన్ని పాయలు? రెండు: గౌతమి, వసిష్ఠ.