కంఫర్ట్‌కి తెలుగు లేదన్నావు

అమ్మాయీ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకుని. కథ బాగుంది. మెచ్చుకోలు ఇక్కడితో సరి. నాకు ఒళ్ళు మండించిన వాక్యం ఒకటుంది, ముందు దాని సంగతి తేలాలి.

తండ్రి పోయిన ఇంటికి పక్కింటావిడ వచ్చే చోట, "మాటల మెత్తటి దుప్పటి కప్పి అతన్ని కంఫర్ట్ చేసింది" అని రాశావు. అంతటితో ఊరుకున్నా పోనీ అనుకుందును. కథతో పాటు పంపిన ఉత్తరంలో దానికో సమర్థన కూడా: "కంఫర్ట్‌కి తెలుగులో సరైన మాట లేదు మాస్టారూ. అందులో ఉన్న మెత్తదనం మన మాటల్లో రాదు."

ఆ మాటకి మెత్తదనం ఎప్పుడొచ్చిందో ఒక్కసారైనా నిఘంటువు తెరిచి చూశావా? లాటిన్‌లో 'ఫోర్టిస్' అంటే బలమైనది. ఫోర్ట్ అని కోటని అంటామే, అదీ ఆ ఇంటి పిల్లే. దాని ముందు ఇంకో ముక్క తగిలించి 'కన్ఫోర్తారె' అన్నారు, బాగా బలం కూర్చడం అని. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లండుకి చేరింది. మూడో ఎడ్వర్డు కాలంలో, 1351లో, రాజద్రోహం మీద ఒక చట్టం చేశారు. రాజుగారి శత్రువులకి 'ఎయిడ్', 'కంఫర్ట్' ఇవ్వడం అందులో ద్రోహం. ఇదే జంట 1787 నాటి అమెరికా రాజ్యాంగంలోకీ వెళ్ళింది. శత్రువుకి పరుపులూ దిండ్లూ పంపినవాణ్ణి పట్టుకోమని కాదమ్మా దాని అర్థం. వాడికి అండగా నిలిచి, బలం ఇచ్చినవాణ్ణి.

మీ వైపు ఆటోల వెనక రాసి ఉంటుంది చూడు, "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అని. 14వ శతాబ్దం చివర్లో విక్లిఫ్ పేరుతో వచ్చిన ఇంగ్లీషు బైబిల్లో ఆ 'బలపరచు' ఉన్న చోట కంఫర్ట్ అనే ఉంది. లూకా సువార్తలో దూత దిగివచ్చి యేసుని బలపరిచే చోట కూడా 1526లో టిండేల్ తన ఇంగ్లీషు అనువాదంలో అదే మాట వాడాడు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ వచ్చేసరికి ఈ రెండు చోట్లా కంఫర్ట్ తీసేసి, బలం అని విడమరిచి చెప్పాల్సి వచ్చింది. కంఫర్ట్ అప్పటికే ఓదార్పు వైపు జరిగిపోయింది. తర్వాత ఒంటి సుఖం వైపు జారింది. చివరికి బ్రిటన్‌లో మెడకి చుట్టుకునే ఉన్ని మఫ్లరూ కంఫర్టరే, అమెరికాలో మంచం మీద బొంతా కంఫర్టరే. మనింట్లో అయితే బట్టలు ఉతికాక బకెట్లో వేసే నీలం ప్యాకెట్టు.

బలం పోయిన మాటని దేనిమీదైనా కప్పొచ్చు. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సైన్యం చెరబట్టిన ఆడవాళ్ళకి 'కంఫర్ట్ విమెన్' అని పేరు. జపనీస్ మాట 'ఇయాన్‌ఫు'కి అది అనువాదం. 1991లో కిమ్ హాక్-సున్ అనే కొరియా ఆవిడ బయటికొచ్చి, తన పేరు దాచకుండా, జరిగింది చెప్పేదాకా, ఆ దుప్పటి కింద ఏముందో లోకం సరిగ్గా చూడలేదు. నీ వాక్యంలో దుప్పటి చూడగానే నాకు ఇదే గుర్తొచ్చింది. తప్పు నీది కాదులే.

ఇక తెలుగు లేదన్న మాట. మీ వీధిలో ఎవరైనా పోతే మీ అమ్మ వెళ్ళొచ్చి ఏమంటుంది? "కాస్త ధైర్యం చెప్పి వచ్చాను" అంటుంది. ధైర్యం చెప్పడం! ఆ లాటిన్ మాట చేసే పనే కదా ఇది. ఎవరూ ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకోలేదు. ఆశ్వాసన ఉంది, అందులో శ్వాస ఉంది, ఆగిన ఊపిరి మళ్ళీ తీసుకోవడం. పేపర్లలో నాయకులు రోజూ చేసే పరామర్శ ఉంది, దాని ధాతువుకి తాకడమని అర్థం. ఇప్పుడు తాకేది కెమెరా ఒక్కటే అనుకో.

నా మొదటి కథల్లో ఒకదాంట్లో "ఊరంతా వచ్చి ధైర్యం చెప్పారు" అని రాస్తే, ఒక సంపాదకుడు కొట్టేసి "సాంత్వన వచనములు పలికిరి" అని దిద్ది వేశాడు. పలికిరట! ఆ కథలో ఊరు చేపల రేవు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, నా కోపం మాత్రం పోలేదు. అప్పుడు వాళ్ళకి సంస్కృతం ఫ్యాషను, ఇప్పుడు మీకు ఇంగ్లీషు. మధ్యలో మీ అమ్మ మాటకి చోటు లేదు.

నాన్న పోయినప్పుడు నేను ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. పెద్దకర్మ అయ్యాక పనిలోకి వెళితే అందరూ అయ్యో పాపం అన్నారు. ఒకళ్ళయితే కర్మ సిద్ధాంతం మొదలుపెట్టారు. అచ్చుకి సీసపు అక్షరాలు కూర్చే ముసలి కంపోజిటర్ ఒకాయన ఏమీ అనలేదు. అచ్చయిపోయిన ఫారం, ఆ అక్షరాలు బిగించిన చట్రం, నా ముందుకి తోసి, "టైపు విప్పి గళ్ళల్లో వెయ్యి" అన్నాడు. అది నా పని కాదు. సాయంత్రం దాకా వేశాను. 'క' గడిలో 'క', 'త' గడిలో 'త'. ఒత్తులు విడిగా. వేళ్ళు నల్లగా అయ్యాయి. వెళ్ళేటప్పుడు గళ్ళు చూసి, "సగం తప్పు గళ్ళల్లో వేశావు, రేపు తొందరగా రా" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది.

నీ కథలో ఆ పక్కింటావిడ వంటింట్లోకి వెళ్ళి, పాలవాడి బాకీ తన కొంగు ముడి విప్పి ఇచ్చి పంపేస్తుంది. అక్కడ కాసేపు కాగితం పక్కన పెట్టాను. ఆ పని రాసిన చేత్తోనే ఆ దుప్పటి వాక్యం ఎలా రాశావు? కొట్టెయ్. దాని బదులు ఇంకోటి పెట్టొద్దు.

పోటీలకి పంపనా, పుస్తకం సొంతంగా వేసుకోనా అని అడిగావు. వాటి సంగతి తర్వాత. కలం పేరు గురించి కూడా ఏదో అడిగావు, మర్చిపోయాను.

మళ్ళీ పంపేటప్పుడు పేజీలకి అంకెలు వెయ్యి. ఆరో పేజీ తర్వాత నాలుగోది చదివి, చనిపోయిన తండ్రి లేచి కాఫీ అడుగుతుంటే హడలిపోయాను.

ఉంటాను,
మాస్టారు