మోకాలి మీది గాటు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

ప్రాచీన గ్రీకుల మట్టి బొమ్మల గురించి నీవు రాసిన వ్యాసం చదివాను. వాక్యం మీద నీకు పట్టు ఉంది. అయితే గ్రీకు పురాణ వీరుడు హెరాక్లీజ్ సాహసాలూ, సగం మనిషీ సగం గుర్రమూ అయిన సెంటార్ల పుట్టుకా చెప్పుకుంటూ పోయి, అసలు బొమ్మను మూడో పేజీ దాకా చూపించలేదు. ముందు మట్టిని చూపించు, కథ దాని వెనుక రావచ్చు.

లెఫ్కాండి సెంటార్‌నే తీసుకో. గ్రీసులోని యుబోయా ద్వీపంలో లెఫ్కాండి అనే చోట శ్మశానంలో దొరికిందనీ, క్రీ.పూ. 10వ శతాబ్దం చివరిదనీ, ఎత్తు సుమారు 36 సెంటీమీటర్లనీ, ఇప్పుడు ఎరెట్రియా మ్యూజియంలో ఉందనీ ఒక్క వాక్యంలో చెప్పి, దాని తయారీ దగ్గర ఆగు. గుర్రపు ఒళ్లు కుమ్మరి సారె మీద తిప్పి తీసిన బోలు గొట్టం. కాళ్లు, మనిషి భాగం చేత్తో మలిచి దానికి అతికించినవి. కుండలు చేసే పనితనమే ఇక్కడ సగం మనిషిని, సగం జంతువును కలిపిందన్నమాట. ఈ సంగతి నీ వ్యాసంలో ఎక్కడా లేకపోవడం నాకు వింతగా తోచింది. ముందరి కాళ్లకు మనిషి మోకాళ్లున్నాయి, కుడి చేతికి ఆరు వేళ్లున్నాయి, ఎడమ మోకాలి దగ్గర కావాలని పెట్టిన గాటు ఉంది.

ఆ గాటును చూసే నీవు "ఇతడు కైరానే" అని, అంటే పురాణాల్లోని ప్రసిద్ధ సెంటార్ కైరాన్ అని తేల్చేశావు. హెరాక్లీజ్ బాణం కైరాన్ మోకాలికి తగిలిందని చెప్పే గ్రంథం ఈ బొమ్మకు ఎన్నో శతాబ్దాల తరువాతిది కనుక, పండితులలాగే నీవు కూడా "కావచ్చు" అనే అనాలి. ఆ మాట వల్ల వ్యాసం బలహీనపడుతుందని భయపడకు. కథ ముందు పుట్టిందా, బొమ్మ ముందు పుట్టిందా అన్న ప్రశ్న పాఠకుడిలో మొదలయ్యేది అక్కడే.

బొమ్మ తల ఒక సమాధిలో, మొండెం మరో సమాధిలో దొరికాయన్న విషయాన్ని అధోజ్ఞాపికలోకి ఎందుకు నెట్టావు? పూడ్చేనాటికే విరిగిన బొమ్మ ముక్కలను ఇద్దరు మృతుల దగ్గర విడివిడిగా ఉంచారంటే, నీ వ్యాసానికి గుండెకాయ అదే. అలాగని ఆ ఇద్దరినీ అన్నదమ్ములను చేసి కన్నీటి కథ అల్లకు.

చివర చేర్చిన తనాగ్రా (గ్రీసులోని ఒక ఊరు) మట్టి స్త్రీమూర్తులు క్రీ.పూ. 4వ శతాబ్దంలో ప్రాచుర్యం పొందినవి, అచ్చులలో మట్టిని ఒత్తి చేసినవి, ఆవంలో పగలకుండా వీపున రంధ్రం ఉంచినవి. కాలం వేరు, పద్ధతి వేరు. ఆ భాగాన్ని తీసి పక్కన పెట్టు. దానికి మరో వ్యాసం కావాలి.

శుభాకాంక్షలతో.