మంచు ఊరికి బొంత సూది

ఈ నెల ఉత్తరాల్లో చలి గోలే ఎక్కువ. నెల్లూరులో చలేంటని నవ్వకండి. మన పిల్లలు ఉండే ఊళ్ళ చలి కూడా ఇప్పుడు మన చలే అయి కూర్చుంది. కావలి నుంచి వచ్చిన ఉత్తరానికి జవాబు పొడుగైపోయింది. మిగతా ఇద్దరూ కాస్త సర్దుకోవాలి.

ప్రశ్న: అక్కా, మా అమ్మాయి అమెరికాలో మినియాపోలిస్‌లో ఉంటుంది. జనవరిలో కాన్పు. నేను డిసెంబరు మొదట్లో వెళ్ళి ఏప్రిల్ దాకా ఉండాలి. అక్కడ అన్నాళ్ళూ మంచే అంట. మా ఇంటాయన, ‘నువ్వు నాలుగ్గోడల మధ్య గమ్మునుండే రకం కాదు, పది రోజులకే టికెట్ మార్చమంటావు’ అని ఎగతాళి చేస్తున్నారు. నిజమే, నా చేతులు ఊరుకోవు. పొద్దున లేస్తే ముగ్గు, పిండి రుబ్బుకోవడం, మధ్యాహ్నం కుట్లు. అక్కడ పొద్దెట్లా పోతుంది? మా అత్త కట్టిన పాత నేతచీరలు పెట్టెలో ఉన్నాయి. బిడ్డకి బొంత కుట్టి తీసుకుపోదామా అనుకుంటున్నా.
– ఒక కాబోయే అమ్మమ్మ, కావలి

జవాబు: మీ ఆయన మాట పూర్తిగా కొట్టిపారేయలేను చెల్లీ. నేనూ మా అబ్బాయి దగ్గర ఒక చలికాలం అదే ఊళ్ళో గడిపి వచ్చినదాన్ని. జనవరి రాత్రుల్లో మైనస్ 20 డిగ్రీలకి దిగినా అక్కడెవరూ దాన్నొక వార్తగా చెప్పుకోరు. అయితే ఆ చలి ఇంట్లోకి రాదు. హీటరు రాత్రింబవళ్ళు నడుస్తూనే ఉంటుంది. నిన్ను దిగాలు పడేసేది చలి కాదు, వెలుతురు లేకపోవడం. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకుతుంది. అన్నం తిని కాసేపు నడుం వాల్చి లేచేసరికి బయట చీకటి. కూతురూ అల్లుడూ ఇంకా ల్యాప్‌టాప్‌ల ముందే ఉంటారు, నువ్వు సోఫాలో. ఆ రెండు మూడు గంటలకి చేతిలో పనుండాలి. టీవీ సరిపోదు, నా మాట విను.

అందుకని బొంత ఇక్కడ కుట్టెయ్యొద్దు. చీరలు ఉతికి సిద్ధం చేసి తీసుకుపో, అక్కడ కుట్టు. సూదులూ కత్తెరా విమానంలో పక్కన పెట్టుకునే సంచిలో కాకుండా, చెకిన్ చేసే పెద్ద పెట్టెలో పెట్టుకో.

చంటిబిడ్డ బొంతకి ఒక్క చీర చాలు. ఐదున్నర మీటర్ల చీరని 1.1 మీటరు చొప్పున కోస్తే ఐదు ముక్కలొస్తాయి. చీర పన్నా కూడా ఇంచుమించు అంతే కాబట్టి నలుచదరంగా ఉంటాయి. ఐదు పొరలంటే మెత్తగా, చేతికి లొంగేంత మందంగా వస్తుంది. అంచులు ముందే చించి దాచిపెట్టు, చివర్లో చుట్టూ పట్టీ వేయడానికి పనికొస్తాయి. జరీ ఉంటే మాత్రం తీసిపారెయ్, బిడ్డకి గుచ్చుకుంటుంది. గంజి పూర్తిగా పోయేదాకా ఉతుకు. ఎరుపు, మెరూన్ చీరైతే తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడు. రంగంటిందంటే అది పెద్దవాళ్ళ బొంతకి పోవాల్సిందే. పాలియెస్టర్ కలిసిన చీరని లోపొరగా కూడా పెట్టకు. జారిపోయి ఒక పక్కకి ముద్దవుతుంది, తడి కూడా పీల్చదు.

ఇక కుట్టే చోటు. అక్కడ ఇళ్ళలో చాలావరకు నేలంతా కార్పెట్. మనం ఇక్కడ కింద పరిచి, మూలల మీద పొత్రమో బియ్యం డబ్బానో పెట్టి కుడతాం కదా, అక్కడ అలా చేశావంటే బొంతతో పాటు కార్పెట్‌ని కూడా కలిపి కుట్టేస్తావు. భోజనాల బల్ల మీద పరుచుకో. ముందు పొడుగాటి టాకాలు వేసి ఐదు పొరలూ కదలకుండా బిగించు. తర్వాత అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి రా. కుట్టు వరిగింజంత ఉండాలి, వరసకీ వరసకీ రెండు వేళ్ళ ఎడం చాలు. ముదురు రంగు దారం పని పగలు కిటికీ దగ్గర పెట్టుకో. బయట మంచుంటే ఆ తెలుపుకి కిటికీ పక్కన వెలుతురు బాగా ఉంటుంది. రాత్రికి ముదురు గుడ్డ మీద తెల్లదారం ఉంచుకుంటే కళ్ళు లాగవు.

ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటుంది. హీటరు వేడికి ఇంట్లో గాలిలో తేమే ఉండదు. వేలి కొసలు సన్నగా చీరుకుపోతాయి. చూస్తే కనపడదు, కానీ దారం లాగినప్పుడల్లా పోగు ఆ చీలికలో చిక్కుకుని చుర్రుమంటుంది. ఒక్కోసారి తెల్లదారం మీద చిన్న ఎర్రచుక్క పడుతుంది. రాత్రి పడుకోబోయే ముందు వేళ్ళకి వాసెలిన్ పట్టించి నూలు గ్లౌజులు తొడుక్కో. కొబ్బరినూనె తీసుకుపోతే సన్నమూతి సీసాలో వద్దు. 24 డిగ్రీల లోపు అది పేరుకుపోతుంది. మా వాళ్ళింట్లో హీటరు పెట్టుకునేదే 20, 21 దగ్గర. వెడల్పు మూతి డబ్బాలో పోసుకుంటే వేలితో తీసుకోవచ్చు.

ఇప్పుడు తగవు వచ్చే చోటుకొద్దాం. బొంత పూర్తవగానే నువ్వు బిడ్డకి కప్పబోతావు, మీ అమ్మాయి చెయ్యి అడ్డం పెడుతుంది. అక్కడి పిల్లల డాక్టర్లు ఏడాది నిండేదాకా బిడ్డ పడుకునే చోట దుప్పటి, దిండు, బొంత ఏవీ ఉండకూడదంటారు. ముఖం మీద పడితే ఊపిరాడకపోయే ప్రమాదం ఉంది. బిడ్డని వెల్లకిలా, ఏమీ లేని గట్టి పరుపు మీద పడుకోబెట్టాలి. చలికి ఒంటికి తొడిగే స్లీప్ సాక్‌లు దొరుకుతాయి. ‘మీరంతా బొంతల్లో పెరగలేదా?’ అని దెప్పొద్దు. ఈ విషయంలో డాక్టరు మాటే సరైంది, బాలింతతో దాని మీద వాదన అసలే వద్దు. నీ బొంతకి పని లేకుండా పోదులే. బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు కింద పరిచి, నువ్వు పక్కనే కూర్చుని, బోర్లా పడుకోబెట్టి ఆడించడానికి దాన్ని మించింది లేదు. కక్కినా తడిపినా మిషన్లో వేసేయొచ్చు.

దోసెల పిండి ఆ చలికి వంటింటి గట్టు మీద పులవదు. ఓవెన్ వెలిగించకుండా లోపల లైటు మాత్రం వేసి గిన్నె అందులో పెట్టు. ఆ పాటి వెచ్చదనం చాలు, పొద్దునకి పొంగుతుంది. పెరుగు తోడు పెట్టుకోడానికీ అదే చోటు. ఓవెన్ తలుపు మీద మాత్రం ‘లోపల పిండి ఉంది’ అని కాగితం అంటించు. లేకపోతే అల్లుడు పిజ్జాకని ఓవెన్ వేడి పెట్టేస్తాడు, నీ పిండి గిన్నెలోనే ఇడ్లీ అవుతుంది.

ముగ్గంటావా, తెల్లటి మంచు మీద తెల్లముగ్గు ఎవరికి కనపడుతుంది? స్ప్రే సీసాలో రంగునీళ్ళు పోసి సంక్రాంతికి మంచు మీదే గీశాను నేను. ఎరుపు, నీలం బాగా తేలతాయి. పసుపు మాత్రం వాడకు. ఎవరి కుక్కో వచ్చి పోయిందనుకుంటారు.

వారంలో ఒకసారైనా గడప దాటు. ఆ ఊరి నడిబొడ్డున చాలా భవనాలని రెండో అంతస్తులో అద్దాల వంతెనలతో కలిపారు, స్కైవే అంటారు. మొత్తం కలిపి దాదాపు 15 కిలోమీటర్లు, మంచు తగలకుండా నడవొచ్చు. పక్కనే బ్లూమింగ్టన్‌లో మాల్ ఆఫ్ అమెరికా ఉంది, అక్కడ పొద్దున్నే నడిచే పెద్దవాళ్ళు కనపడతారు. లైబ్రరీకి పోతే నీ కుట్టు సంచీ తీసుకుపో. నేను కుట్టుకుంటుంటే ఒక తెల్లామె వచ్చి పక్కన కూర్చుని, నా బొంత తిరగేసి మరీ చూసింది. వాళ్ళ క్విల్ట్‌కి పైన ఒక గుడ్డ, కింద ఒక గుడ్డ, మధ్యలో దూది పొర. మన దాంట్లో దూది ఏదని వేళ్ళతో నొక్కి నొక్కి వెతికింది. చీర మడతలు విప్పి చూపిస్తే అర్థమైంది. నాకొచ్చిన ఇంగ్లీషుకి అంతకంటే అవసరం పడలేదు.

కరివేపాకు పెట్టెలో పెట్టకు. నిమ్మజాతి చెట్ల తెగుళ్ళు వస్తాయని అక్కడి కస్టమ్స్‌వాళ్ళు తీసి పారేస్తారు.

ప్రశ్న: అమ్మా, మా వారు ఈ మధ్యే రిటైరయ్యారు. చలికి పొద్దున నడకకి కూడా పోకుండా మంచం దిగడంలేదు. ఉదయగిరిలో కొయ్య గరిటెలు చూసొచ్చి, తానూ చెక్కుతానని కత్తి కొన్నారు. ఇల్లంతా చెత్త తప్ప గరిటె తయారు కాలేదు. మాన్పించనా?
– వింజమూరు పాఠకురాలు

జవాబు: మాన్పించొద్దమ్మా, మంచం దిగారు కదా! కానీ ఆయన మొదలుపెట్టింది కష్టమైన చోట. ఉదయగిరిలో తరతరాలుగా ఆ పని చేసే కుటుంబాలున్నాయి, ఆడవాళ్ళే ఎక్కువ చేస్తారు. నర్ది కొయ్య నునుపు వాళ్ళ చేతికి తెలుసు, ఫలానా ఊరి సొంత వస్తువని ఇచ్చే జీఐ గుర్తింపు కూడా వచ్చిన పని అది. గరిటె గుంట తవ్వడం నాలుగు రోజుల్లో పట్టుబడదు. ముందు గుంట లేని తెడ్డు చెక్కమనండి. ఉప్మా కలుపుకోడానికి మీకూ పనికొస్తుంది. పెరట్లో వేపకొమ్మ నరికితే చాలు, కొండ మీద అడవి చెట్టు జోలికి పోవద్దు, అది నేరం. పచ్చి కొమ్మని ఎండలో పెడితే చీలుతుంది. నీడలో మెల్లగా ఆరాలి, దానికి ఈ కాలమే మంచిది. చెక్కినాక ఉప్పుకాగితం రుద్ది కొబ్బరినూనె పట్టించాలి. వార్నిష్ వద్దు, నోట్లోకి పోయే వస్తువు. ఇంకొక షరతు పెట్టండి: చెక్కేది వాకిట్లో, ఊడ్చేది ఆయనే.

ప్రశ్న: మేడమ్, నేను టైలరింగ్ నేర్చుకుంటున్నాను. నవంబరు, డిసెంబరు ముసురుకి మా మిషను పట్టేస్తోంది, జాకెట్ ముక్కల మీద బూజు చుక్కలు పడుతున్నాయి. కస్టమర్ల గుడ్డలు కదా, టెన్షన్‌గా ఉంది.
– నెల్లూరు నుంచి ఒక అమ్మాయి

జవాబు: మన జిల్లాకి అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతోనే తల్లీ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తడే. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపే నెల్లూరుని ఎంత ముంచిందో చూశావుగా. మిషను మీద ప్లాస్టిక్ కవరు కప్పుతున్నావేమో, తీసెయ్. లోపలి తేమ బయటికి పోక తుప్పు పట్టేది అందుకే. పాత పంచె కప్పు. బాబిన్ కేసు తీసి కింద పేరుకున్న నూగు బ్రష్‌తో లాగెయ్, అది తడి పీల్చుకుని కూర్చుంటుంది. మిషన్ ఆయిల్ చుక్క చుక్క వేసి, చిత్తుగుడ్డ మీద కాసేపు నడిపాకే కస్టమర్ గుడ్డ పెట్టు, లేకపోతే నూనె మరక నీ నెత్తిన పడుతుంది. కొబ్బరినూనె వేయకు, జిగురెక్కుతుంది. కత్తిరించిన ముక్కలు గోడకి ఆనించి పెట్టొద్దు, బల్ల మీద ఫ్యాను గాలి తగిలేచోట ఉంచు. ఎండ కాసిన రోజు బీరువా తలుపులు తెరిచిపెట్టు. నీది మోటారు మిషనై నీళ్ళలో తడిస్తే మాత్రం, బయటికి ఆరినట్టు కనపడినా స్విచ్ వేయకు. ముందు మెకానిక్‌కి చూపించు.